ఈ ఒక్కసారికే

ఫోను అడుగుతది ప్రతిసారి,
దేనితోటి తెరువాలె?
కింద మూడు మ్యాపుల బొమ్మలు,
వాటి కింద రెండు మాటలు:
ఎప్పటికీ. ఈ ఒక్కసారికే.
ఆరేండ్ల సంది పశువుల అంబులెన్సు తోల్తున్న,
ఎప్పటికీ మీద ఇంతవరకు వేలు వెట్టలే.

మా యాప్‌ల కేసు నిండుగనే వస్తది.
కన్నెబోయిన పెద్దులు, చందంపేట మండలం,
గొర్రె, రెండో ఈత,
పిల్ల అడ్డం తిరిగింది, పొద్దటి సంది నొప్పులు.
మ్యాపుకు పంపు అని ఒత్తంగనే
ఇవన్నీ గడప బయట చెప్పుల లెక్క ఇడిసిపెట్టి
రెండు అంకెలే లోపలికి పోతయి.
పదహారు చిల్లర, డెబ్బై ఎనిమిది చిల్లర.
అవతలి మ్యాపుకు పెద్దులు తెల్వదు,
గొర్రె తెల్వదు, నొప్పి తెల్వదు.
దానికి ఎరుకైంది ఒక్క ఎర్ర చుక్క.

చిల్లరంటే చిన్నది గాదు ఈడ.
పోయినేడు యాప్ మార్చినప్పుడు
దశాంశం ఎనక రెండంకెలే మిగిలినయి,
మిగతావి ఏడ రాలిపోయినయో.
తండాల బర్రె పడ్డదని పోతే
రాళ్ల క్వారీ గుంత అంచుకు తెచ్చి
"మీరు చేరుకున్నారు" అన్నది ఆడగొంతు.
గుంతల పచ్చనీళ్లు, ఒక కొంగ.
మేము చేరుకున్నం.

మొన్న మే నెలల ఇంకో తమాష.
స్టీరింగు మీద తడిబట్ట సుట్టుకొని తోల్తున్న దినాలు.
పెద్దులు కేసు ఒత్తిన,
అంకెలు తారుమారయినయి,
ముందుది ఎనక, ఎనకది ముందు.
తెరంత తెల్లగయింది.
దేవరకొండ లేదు, డిండి లేదు,
ఉత్తర ధ్రువం దిక్కు ఏదో మంచు దీవి,
దాని నడుమ మా ఎర్ర చుక్క.
దారి దొరకలేదు అని కింద చిన్నక్షరాలు.

నుస్రత్ మేడం ఫోను గుంజుకొని చూసి
ముందు నవ్వింది, తర్వాత నవ్వలే.
"గొర్రెకు టైం లేదు జంగయ్యా."

ఫోన్ చేస్తే పెద్దులు హలో అనలే,
"దుమ్ము కనవడ్తున్నదా?" అన్నడు.
ఏం దుమ్మన్నా?
"నా మంద దుమ్ము. మేం డిండి దిక్కు నడుస్తున్నం,
నిలవడితే నీళ్లు దొరకయి.
దుమ్ము లేసిన కాడికెల్లి ఎనక్కి రా,
గొర్రె కాడ మా బామ్మర్ది కూసున్నడు.
కుక్క ఉన్నది, నీ బండి సప్పుడు ఇంటే మొరుగుతది."

అద్దం దించిన. వడగాలి మొఖం మీద కొట్టింది.
తంగేడు పొదల మీదికెల్లి, ఒర్రెల దిగి, ఎక్కి,
దూరంగ లేసిన ఎర్రదుమ్మును చూసుకుంట
దానికి ఎడమ దిక్కు తోలిన.
ఫోను మాత్రం సీటు మీద
మంచుల్నే ఉన్నది.

కుక్క మొరిగింది.

మేడం మోచేతి దాక సబ్బు రాసుకున్నది.
మొదటి పిల్ల బతకలే.
దాని ఎనక ఇంకోటున్నదని ఎవ్వలికి తెల్వదు,
కేసుల ఒకటే రాసున్నది.
ముక్కుల గడ్డిపోస పెడితే తుమ్మింది,
బామ్మర్ది పిలగాడు వయసు మర్చిపోయి ఎగిరిండు.

పని ఒడిసినంక యాప్ అడిగింది,
స్థలం సరైనదేనా?
అవును అంటెనే కేసు మూతవడ్తది.
మేడం అవును అన్నది.
అప్పటికి పిలగాడు పిల్లను తువ్వాల్ల సుట్టుకొని
దుమ్ము దిక్కు పోతున్నడు,
ఎనక తూలుకుంట తల్లి,
దాని ఎనక కుక్క.
మేం నిలవడ్డ చోట తడిమట్టి తప్ప ఏం లేదు,
అదిగూడ ఆరుతున్నది.

ఇప్పటికీ ఇటీవలి చోట్లల్ల ఆ మంచు దీవి ఉన్నది,
నేరెడుగొమ్ముకు, హాలియాకు నడుమ.
తీసేయాల్నా అని ఫోను అడుగుతది,
తీసెయ్యలే.
బానెట్ మీద చెయ్యి పెట్టరాని పగటీలి
అప్పుడప్పుడు తెరిచి చూస్త.
ఆడ గొర్లుంటయో లేవో.
ఉంటే మాత్రం,
దుమ్ము లెవ్వదు గద ఆడ,
ఎట్ల దొరకవట్టుకుంటరో.