నలభై ఏడో బ్యాచ్

ఫర్వానియా ఆస్పత్రి కింది అంతస్తులో
కిటికీ లేని గది నాది.
ఆటోక్లేవ్ ఈల వేస్తే తెల్లారినట్టు.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పదిహేను నిమిషాలు:
పదకొండేళ్లుగా నాకొచ్చిన శ్లోకం ఇదొక్కటే.

రైల్వే కోడూరులో బొప్పాయి తోటలకు నీళ్లు కట్టినవాణ్ణి
ఇక్కడ కంటికానని పురుగులకు వంట చేస్తాను.
అగర్ పొడి, ఉప్పు, మాంసం రసం,
కాస్త ఆరాక గొర్రె నెత్తురు.
సీసాను చేతి వెనక్కి ఆనించి చూస్తాను
చంటిబిడ్డ పాలు చూసినట్టు.
పళ్లేల్లో పోసి, మూతలేసి,
తేదీ రాస్తాను, బ్యాచ్ నంబరు రాస్తాను.
పేరుకు చోటు లేదు.

డాక్టర్ హనాన్, ఈజిప్టు ఆవిడ,
టీ తాగడానికి నా గదికే వస్తుంది.
పైన ఏసీ ఎముకలు కొరుకుతుందట.
ఆమే చెప్పింది:
పూర్వం గుడ్డలమ్మే ఒకాయన
తన పంటిపాచి గీకి అద్దం కింద పెట్టి
అందులో తిరునాళ్ల చూశాడని.
చేతులు కడుక్కోండయ్యా అని బతిమాలిన డాక్టరును
తోటి డాక్టర్లే వెర్రివాణ్ణి చేశారని.

ఇంకొకామె ఉందట, ఒక డాక్టరు భార్య.
ఎండాకాలం మొగుడి పళ్లేల్లో జెలటిన్ కరిగి కారిపోతుంటే
నా జెల్లీ కరగదు కదా, అందట పొయ్యి దగ్గర్నుంచి.
సముద్రపు నాచు.
జావాలో బతికొచ్చిన ఇరుగింటివాళ్లు చెప్పిన కిటుకు.
వాళ్లకు చెప్పిందెవరో మరి,
ఏ తీరాన ఏ వంటమనిషో,
పొగకు కళ్లు తుడుచుకుంటూ.

మూత కనిపెట్టినాయన పేరే పళ్లెం పేరు,
రోజుకు నూరుసార్లు నా నోట్లో పలుకుతుంది.
ఆమె పేరేంటి అంటే
హనాన్ ఆగి, ఫోనులో వెతికింది.

బయట యాభై డిగ్రీలు.
ఆ తల్లి లేకుంటే ఈ ఊళ్లో
నా పనంతా పానకమయ్యేది.

మొన్న దుమ్ము లేచింది.
బస్సుల్లేవు. ఆకాశం బెల్లం రంగు.
నలభై ఏడో బ్యాచ్‌లో ఒక పళ్లెం మిగిలింది.
ఏం బుద్ధి పుట్టిందో,
వెనక తలుపు మెట్టు మీద మూత తీసి పెట్టి
టీ చల్లారేంతసేపు పక్కన కూర్చున్నాను.
రెండు రోజులు వెచ్చగా దాచాను.

మూత ఎత్తకుండా లైటుకు పట్టి చూస్తే
కుంకుమ చుక్కంత ఒకటి,
నిమ్మపండు రంగువి మూడు,
ముడతలు పడ్డ ముసలి చర్మం లాంటిదొకటి,
అంచున నూగుబూజు.
ఇరాక్ నుంచో, ఇంకా అవతల్నుంచో
ఇకామా లేకుండా దిగినవి.
వీటిని చూసింది
ఈ భూమ్మీద ఇప్పటికి నేనొక్కణ్ణే.

హనాన్‌కు చూపిద్దామంటే సెలవులో ఉంది.
మూత మీద పెన్ను ఆనించాను.
చెంగల్రాయుడు అని రాయబోయి
నలభై ఏడు, తోజ్, అని మాత్రం రాశాను.
తోజ్ అంటే ఇక్కడి మాటలో దుమ్ము.

సాయంత్రం వాడిన పళ్లేలతో పాటు
అదీ లోపలికి పోవాలి. రూలు.
తలుపు బిగించాను.
నూట ఇరవై ఒకటి, పదిహేను.
మీట నొక్కడానికి మాత్రం
ఈసారి కాస్త ఆలస్యమైంది.