నలభైలో తొమ్మిది

వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూటు, గురువారం సాయంత్రం.
నాలుగో బల్ల కుంటికాలి కింద
మడతపెట్టిన పాత టైంటేబులు.

గంగునాయుడు ఒక ఆఠీను పాడేడు.
పాటంటే గొంతుతో కాదు,
డబ్బాలోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టడం.
నాకది చాలు: పన్నెండు పాయింట్లు, ఐదు ఆఠీన్లు.

వెంటనే కమాండర్ కురువిళ్ళ,
నేవీలోంచి దిగి ఇరవయ్యేళ్ళయినా
ఇంకా డెక్కు మీదే కూర్చునే మనిషి,
ఒక నోట్రంపు పెట్టేడు.
తురుపే అక్కర్లేదట.
మీవాడు పాడిన రంగు నా గుమ్మం దాటదు అని
పదహారు పాయింట్ల దర్జాతో.

పోయినేడు ఇదే బల్ల, ఇదే మాట.
జడిసిపోయేను. చేతిలో తొమ్మిదుండగా
రెండు కళావర్లు అన్నాను, మర్యాదగా.
గంగునాయుడు పాసన్నాడు. అనాలి కూడా.
నోట్రంపు మీద కొత్త రంగు పాడితే
అది పిలుపు కాదు, నేను దిగిపోయే స్టేషను.
ఆరు డైమన్లూ ఐదు పాయింట్లూ ఉన్న పేదవాడి మాట.
తొమ్మిదున్నవాడికి ఆ మాట అబద్ధం.

బండి మీద కంచరపాలెం దాకా వాడేమీ అనలేదు.
గేటు దగ్గర ఆగినప్పుడు అన్నాడు:
"నీకాడ ఏటున్నాదో నువ్వే నమ్మకపోతే
నానెలాగ నమ్మీది, గార్డూ?"

ముప్ఫై ఒక్కేళ్ళు కిరండోల్ లైన్లో
వాడు ముందు ఇంజన్లో, నేను వెనక బ్రేకువ్యానులో,
మధ్యన యాభై ఎనిమిది వ్యాగన్ల ఇనపరాయి.
సొరంగం దాటి వాడు ఎండలో పడేసరికి
నేనింకా చీకట్లోనే.
వాడి మొహం కన్నా వాడి కూత ఎక్కువ తెలుసు నాకు.
నా మొహం కన్నా నా జెండా వాడికి.

ఈవాళ చేతిలో
ఇస్పేటు రాజు, డైమను ఆసు, కళావరు రాణి.
మూడూ, నాలుగూ, రెండూ.
రెండు బక్క ఆఠీన్లు.
పేక మొత్తానికి ఉన్నవి నలభై.
వాడివి పన్నెండు, కమాండరువి పదహారు, నావి తొమ్మిది.
దాక్షాయణమ్మకి మిగిలినవి మూడంటే మూడు.
కస్టమ్సులో రిటైరైన మనిషి,
మొహం మీద ఏ సరుకూ డిక్లేరు చెయ్యదు.
లెక్కకి మొహంతో పని లేదు.

డబ్బాలో పాసు పచ్చది, డబులు ఎర్రది.
ఈ రంగులు ఎవడు పెట్టేడో గానీ
నా సర్వీసు పుస్తకం చూసే పెట్టుంటాడు.
బతుకంతా పచ్చే ఊపేను.
ఎర్ర తీసింది రెండేసార్లు:
బొర్రా దగ్గర జారిన కొండచరియకి ఒకటి,
ఒక గేదెకి ఇంకోటి.

తాత్సారం కూడదు.
ఎక్కువసేపు ఆలోచిస్తే అదీ ఒక పాటే,
పార్ట్నరు వినకూడని పాట.
హార్బరులో ఏదో ఓడ కూసింది.
ఎర్రముక్క పెట్టేను.

దాక్షాయణమ్మ పాసు.
గంగునాయుడు నావైపు చూడనే లేదు,
పచ్చముక్క ఎప్పుడు పెట్టేడో తెలీదు.
కమాండరు కళ్ళజోడు తుడుచుకుని, పాసు.

నేను వేసింది ఆఠీనే. వాడి రంగే.
దాక్షాయణమ్మ చెయ్యి పరిచింది:
మూడు జాకీలు,
తెలియని పెళ్ళికొచ్చినట్టు ముగ్గురూ తలో పక్క చూస్తూ.
కమాండరు తన ఆసుని రెండు పట్లు దాచేడు, మంచి ఆటగాడు.
మూడోసారి తీయక తప్పలేదు.
గంగునాయుడికి కళావరు ఆసు దొరికేదాకానే ఆ గోడ.
రెండు పట్లు తక్కువ. ఐదువందలు.

గంగునాయుడు వేలితో బల్ల మీద రెండుసార్లు తట్టేడు.
"సైగలొద్దండీ" అంది దాక్షాయణమ్మ.
"టీ కోసమమ్మా" అన్నాడు వాడు.

టీ రాలేదు. ముక్కలు మళ్ళీ పంచేరు.
వాడు ఒక ఇస్పేటు, కమాండరు మళ్ళీ నోట్రంపు.
నా చేతిలో నాలుగే పాయింట్లు, రంగులన్నీ కురచ.
పచ్చ పెట్టేను.
చెయ్యి వణకలేదు.