ఇరుకు

రావులపాలెం అరటి మార్కెట్టు వెనక సందులో
నా కొట్టుకి బోర్డు లేదు.
షట్టరు మీద సున్నంతో రాసిన ఫోన్ నంబరు,
లోపల మూతలు విప్పిన డబ్బాలు పది,
చీమలెక్కకుండా బల్లకాళ్ళ కింద నీళ్ళ చిప్పలు.

నవంబరు ముసురులో వచ్చాడు
మట్టపర్తి సూరిపండు.
చొక్కా భుజం మీద గెలల జిగురు నల్లబడి ఉంది.
చంకలో కంప్యూటర్ డబ్బా, తడవకుండా దానికో యూరియా సంచి.

"మోసం చేశారండి నన్ను.
రెండేళ్ళు గెలలు మోసి కొన్న కార్డండి.
రేసులో మలుపొస్తే చాలు
కారు గెంతుతుందండి, కుంటిమేక లాగ."

విప్పాను.
కార్డు మోచెయ్యంత. మూడు ఫ్యాన్లు.
పైన, ఏ బ్యాంకువాళ్ళో వేలంలో వదిలించుకున్న
పదేళ్ళనాటి నాలుగు కోర్ల ప్రాసెసరు,
దాని నెత్తిన పేస్టు ఎండి పెంకు కట్టింది.

ఆట పెట్టి, పక్కన అంకెలు తెరిచాను.
ప్రాసెసరు వంద. కార్డు ముప్పై ఎనిమిది.
వంద. ముప్పై ఆరు.
వంద.

"కార్డు మంచిదేరా. దానికి పని అందట్లేదు.
ఏ కారు ఎటు తిరగాలి, ఏది దేన్ని గుద్దింది,
ఆ లెక్కంతా ప్రాసెసరుది.
అది తేల్చి 'ఇక గియ్యి' అంటేనే
కార్డు బొమ్మ గీసేది.
ఇది తేల్చేలోగా అది చేతులు కట్టుకుని కూర్చుంటోంది."

ముప్పై వేల వస్తువు ఊరికే కూర్చుందంటే
కూలి చేసేవాడు ఎలా నమ్ముతాడు?

బెంచీ మీద ఎవరో నవ్వారు.
నేలపూడి దావీదు గారు.
బతికే ఉన్నానన్న కాగితం కోసం వచ్చి
మూడోసారి వేలు తుడుచుకుంటున్నారు.
లొల్ల లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు లస్కరు,
తలుపుల చక్రం తిప్పీ తిప్పీ వేలిగీతలు అరిగిపోయాయి.

"కాలవ నిండుగా ఉన్నా
తూము బెత్తెడైతే శివారు చేను నెర్రెలిస్తుంది బాబూ.
రైతు గట్టెక్కి కాలవని తిడతాడు.
తూము వంక చూడడు."

మార్చాలంటే ప్రాసెసరొక్కటే కాదు,
దానికి తగ్గ బోర్డు, బోర్డుకి తగ్గ ర్యాము.
మొత్తం చీటీ మీద రాసిచ్చాను.
చూశాడు. మడిచాడు.
జేబులో పెట్టుకోలేదు, బల్ల మీదే వదిలేశాడు.

ఆ మడత చూశాక నాకు అమ్మబుద్ధి కాలేదు.
పేస్టు గీకి కొత్తది రాశాను.
పోటీ కార్లు ఇరవైని ఎనిమిది చేశాను,
రోడ్డు పక్క జనాన్ని ఇళ్ళకి పంపేశాను.
వాన తడి, ఆకుల నిగారింపు మాత్రం పైకి పెంచాను,
అది కార్డు మోసే బరువు, ఎలాగూ ఖాళీయే, మొయ్యనీ.
ఆఖర్న సెకనుకి నలభై అయిదు ఫ్రేములే అని కట్ట వేశాను.

"తగ్గిస్తే బాగుపడుద్దాండీ?"

జవాబు బెంచీ మీంచి వచ్చింది.
"దాళ్వాలో వంతులు పెట్టమా?
ఓ పూట వరదై, ఓ పూట ఎండే కన్నా
వంతుకింత అంటే చివరి మడి తడుస్తుంది."

మలుపొచ్చింది.
తడి రోడ్డు మీద దీపాలు సాగి వంగాయి.
కారు గెంతలేదు.
దావీదు గారి వేలు మాత్రం ఆ రోజు పడనే లేదు.

మళ్ళీ కార్తీకం. గెలల గిరాకీ బాగుంది.
ప్రాసెసరు, బోర్డు, ర్యాము, డబ్బు లెక్కపెట్టి కొనుక్కున్నాడు.
బిగించి అంకెలు తెరిచాను.
ప్రాసెసరు యాభై. కార్డు తొంభై తొమ్మిది.
"ఇప్పుడు కార్డు చాలట్లేదండీ"
అన్నాడు, పెద్ద మానిటరు వంక చూస్తూ.

దావీదు గారు బెంచీ మీదే ఉన్నారు.
ఈ ఏడు కంటిపాప చూసే యంత్రం తెప్పించాను.
"ఎక్కడా ఇరుకు లేకుండా పారితే
దాన్ని కాలవనరు బాబూ.
ఎనభై ఆరులో చూశాను దాన్ని."
అని, రెప్ప వెయ్యకుండా
కన్ను పెద్దది చేసి యంత్రంలోకి చూశారు.