రోలు వాటా

వెయ్యి కిలోమీటర్లకి ముప్పావు లీటరు.
మూడు నెలలుగా రాస్తున్నాను,
కరెంటు బిల్లుల వెనక, మందుల చీటీ వెనక,
ఆమదాలవలస స్టేషన్ నుంచి పాలకొండ దాకా
పోనూ రానూ నడిచిన లెక్క.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను.
తెల్లారి దాని మీద పిల్లి పడుకుని ఉంది.
చుక్క లేదు.
కారడం లేదు, మరెక్కడికి పోతోంది?

తవిటయ్య సైలెన్సర్‌లో వేలు పెట్టి తిప్పి
మసి నా మొహానికి చూపించాడు.
"నల్లపొగైతే డీజిలు, తెల్లపొగైతే నీళ్ళు.
నీలంగా వొస్తే నూనే.
పొద్దున్న స్టార్టు సేసినప్పుడు ఓపాలి ఎనక్కి సూడు."
చూశాను.
ఉతికి ఉతికి వెలిసిన స్కూలు చొక్కా నీలం.

రింగులు అరిగాయట. విప్పితే ముప్పై వేలు.
విప్పొద్దన్నాను.

కూర్మారావు కొట్లో రెండు డబ్బాలు.
పదకొండొందలది ఒకటి, ఇరవై ఆరొందలది ఒకటి.
"సింథటిక్కమ్మా. మడ్డి కట్టదు, మాడదు.
ఇక మూత తీసి చూసే పనే ఉండదు."
మూత తీసి చూడకపోతే
నాకు అన్నం దిగదని అతనికెలా చెప్పను?
తవిటయ్య వెనకనుంచి గొణిగాడు:
"అరిగిన రింగుల్లో పల్చటి నూనె,
జల్లెడలో మజ్జిగే."
ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది.
ఖరీదైనదే కొన్నాను, భయం కొద్దీ.

ముందు సీట్లో మా మామ్మ.
కంటి చుక్కలకి పాలకొండ వస్తోంది.
వెండిరంగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని
మూతికి ముక్కు ఆనించింది.
మేం తెలికలోళ్ళం. పొందూరు పక్క ఊళ్ళో
ఎద్దు వెనక నలభై ఏళ్ళు తిరిగిన మనిషి.
"ఇదే గింజే గుంటా?"
గింజ లేదు మామ్మా.
"గింజ నేకండా నూనేటే?"
ఫ్యాక్టరీలో చేస్తారు.
"అదే, ఏటి పిండి సేత్తారని?"
నాకేం తెలుసు.

డిప్‌స్టిక్ లాగి తుడవబోతే చెయ్యి పట్టుకుని
ఆ నలుపుని రెండు వేళ్ళ మధ్య రాసింది.
వాసన చూసింది.
చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళు రాపాడించింది.
తవిటయ్యా ఇలాగే చూస్తాడు, చెవి ఒక్కటి తప్ప.
"ఇసక నేదు. మాడిందంతే," అంది.

ఆ తరవాత బూర్జ దాటేదాకా మాటలేదు.
దాటాక, కిటికీతో చెప్పినట్టు:

"కొత్త రోలు పెట్టిన్నాడు
వాయికి పావుసేరు అదే తాగీసీది.
మీ తాత తిట్టీవోడు కాడు.
రోలు వాటా అని గోడ మీద బొగ్గుతో గీత గీసీవోడు.
ముసిల్దయ్యి బీట తీసినాక మల్లీ తాగింది.
బీటలో నార కుక్కి రెండేళ్ళు తిప్పినాం.
ఆ మీద తిరగనేదు. పొయ్యిలోకి ఎల్లిపోనాది."
కాసేపాగింది.
"దిరిసిన మొద్దే అది. మూడ్రోజులు మండింది.
తాగిందంతా కక్కింది, ఒక్క సుక్క దాసుకోకుండా.
ఊరంతా నువ్వుల వాసన."

తిరుగు ట్రిప్పులో డబ్బా వాపసిచ్చాను.
కూర్మారావు మొహం చిట్లించి
చిక్కటిది తీసిచ్చాడు, మిగిలిన డబ్బులో
యాభై తక్కువ. అడగలేదు.
సీటు కింద ఇంకో లీటరు పెట్టుకున్నాను,
మళ్ళీ అడిగినప్పుడు పొయ్యడానికి.

కరెంటు బిల్లు వెనక కొత్త గడి గీశాను.
పైన ఏం రాయాలో చాలాసేపు తెలియలేదు.
రాశాక కొట్టెయ్యలేదు.

పొద్దున్నే స్టేషన్ బయట తాళం తిప్పాను.
అద్దంలో నీలం సన్నగా లేచి
ఇడ్లీ బండి పొగలో పడింది.
ఏది దేనిదో.
"బూర్జ, బూర్జ, పాలకొండ" అని అరిచాను.
చుక్కలు సరిపోలేదట, మామ్మ మళ్ళీ ఎక్కింది.
వేళ్ళు రెండూ ఇంకా రాపాడిస్తూనే ఉంది.