నీళ్లు నిలిచిన నేల

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో
మిషను కుట్టే కొట్టు మీద మేడగది.
రిటైరయ్యాక నేర్చుకున్న చైనా వైద్యం
బల్ల మీద పరుచుకుని కూర్చునుంటాడు
కాలేషా మాస్టారు.
సూదులనుకుని పెంచలు నా కొంగులో దూరాడు.
"పిలకాయలకి సూదులెయ్యనులేరా,
ఏదీ, నాలిక చాపు."

చాపాడు.
పాలిపోయి, కాస్త ఉబ్బి,
అంచుల్లో పళ్లు అచ్చుదిగి
కజ్జికాయ అంచు మాదిరి.
ఆరేళ్లుగా బువ్వ పెడతా ఉండా ఆ నోట్లో,
ఒక్కనాడూ చూళ్లేదు.

పెదాల చుట్టూ ఈ పసుపు ఎప్పట్నించి?
తిన్న వెంటనే తూగుతాడా?
దొడ్డికెళ్తే తిన్న మెతుకు తిన్నట్టే కనపడతదా?
పిక్క పట్టి చూశాడు, నానిన పిండి.
ఒక్కోదానికీ తలూపతా ఉంటే
లెక్కల్లో తప్పిన పిల్లనయ్యా నేను.

"ప్లీహం నీరసపడిందమ్మా.
వాళ్ల లెక్కలో అది నేల.
పడిన గింజని నిలబెట్టాల.
నీళ్లు నిలిస్తే ఏం నిలబెడతది?"

ఇసకపల్లి దోవలో మా మామ రెండెకరాలు
కళ్ల ముందుకొచ్చింది.
మొలగొలుకులు పండిన మడి.
ఇప్పుడు రొయ్యల గుంట.
రాత్రంతా ఏరియేటర్లు నీళ్లని బాదతా ఉంటాయి,
అలవాటై మా ఇంట్లో ఎవరికీ వినపడదు.
నేల అడుగునెక్కడో ఉంది, ఉప్పు తాగి.

షెడ్డులో పొద్దంతా ఐసులో నా చేతులు.
వస్తా వస్తా వాడికి తెచ్చేదీ ఐసే,
పుల్లకి గుచ్చిన ఎర్రది.
అది మాస్టారికి చెప్పలా.

"దిగులు కూడా దీన్నే పట్టుకుంటదంట"
పుస్తకంలో వేలు పెట్టి అడిగాడాయన,
"అన్నం కాడ ఏం మాట్లాడుకుంటారు?"
నేను నోరు తెరిచేలోపే పెంచలు:
"మేత బాకీ. తెల్లమచ్చ.
ఇంకా... సేటు ఫోను."

చీటీ మీద శొంఠి, వేడి జావ,
చల్లటివి బందు.
కింద గీత గీసి మరీ,
పెద్దాసుపత్రిలో రక్తం చూపించమని.
బస్సులో చీటీ రెండుసార్లు చదివా.
అన్నం కాడ మాటల సంగతి రాయలేదు,
దానికి మందు ఏ కొట్లో దొరుకుద్దో.

రాత్రి జావ పోశా.
మా ఆయన కంచం ముందు కూర్చుని
"ఈ పంట కూడా..." అన్నాడు.
గరిటె అంచుకి తగిలించి మోగించా.
ఆగాడు.
ఎంతసేపు ఆగాడో, గుంటల మీంచి
ఏరియేటర్ల మోత ఇంట్లోకొచ్చింది.

పడుకోబోతా అద్దం కాడ ఆగి
ఎవరూ లేరని నాలిక చాపా.
మంచం మీంచి పెంచలు:
"మాస్టారికి నిన్ను కూడా చూపిద్దామా అమ్మా?"