పద్నాలుగో నంబరు మిషను

ఇరవై డాలర్లు పుచ్చుకుని
లోరెట్టా ముంజేతి మీద గబ్బిలం ముద్ర గుద్దారు.
ఇదే గేటు దగ్గర ఒకప్పుడు
తనే కార్డు గుద్ది లోపలికి పోయేది.

ఒహాయోలో ఈ బూట్ల ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్లు.
హాలోవీన్ వస్తే
దయ్యాలకి మాత్రం ఇక్కడ పని దొరుకుతుంది.

ముందు నడిచే కుర్రాళ్లు కెవ్వుమని
ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.
పొగ, రంపం మోత, పైనుంచి వేలాడే చేతులు.
ఆమె గోడ మీద
గడియారం ఊడదీసిన గుండ్రటి మచ్చ చూస్తోంది.

మూడో గదిలో తన మిషను.
సూది కింద రబ్బరు వేలు, ఎర్ర రంగు,
దూదితో అల్లిన సాలెగూడు.
స్వెటర్ చేత్తో గూడు తుడిచేసి
చక్రం తిప్పబోయింది.
బిగుసుకుపోయింది.

చీకట్లోంచి పుర్రె మొహం ఒకటి మీదికి దూకింది.

"నువ్వు డెల్బర్ట్ కొడుకువి కదూ?
అదే కాలు ఈడ్చడం!
మీ నాన్న మోకాలు ఎలా ఉంది?"

పుర్రె కాసేపు తటపటాయించింది.
"చలికి లాగుతోందట" అని గొణిగి,
వెనక గుంపు అడుగులు వినబడితే
మళ్లీ తలుపు చాటుకి తప్పుకుంది.

బయట టికెట్ల పిల్ల అడిగింది, భయమేసిందా అని.
రేపు కూడా తెరుస్తారా, అంది లోరెట్టా,
ఇంట్లో నూనె డబ్బా
ఏ అలమారులో పెట్టిందో గుర్తు తెచ్చుకుంటూ.