కొయ్యని కాయ

రాజాంలో కొన్న ప్యాకెట్లో పది గింజలు,
గులాబీ మందు పూసుకుని.
మొలిచాయి పదీ. అబద్ధమెందుకు,
నలభై రోజులకే కాపు, అన్నీ ఒకే పొడుగు,
బళ్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా.

తవుడమ్మత్త ఇచ్చిన బీర
నాలుగు పెడితే రెండు లేచాయి.
ఒకటి దడి ఎక్కింది. ఇంకోటి ఎందుకో అలిగింది.
కాయ వంకర, ఈనెలు గట్టి.
పప్పులో వేసిన రోజు మాత్రం
గౌరీసు గిన్నె పట్టుకుని వచ్చింది.

ప్యాకెట్ కాయలోంచీ గింజ దాచి చూశాను నిరుడు.
ఒక తీగకి పొట్టివి, ఒక తీగకి చేదు,
ఒకదానికి ఉత్త పువ్వులే.
కొట్టువాడు నవ్వాడు: “ఏటేటా కొనాలమ్మా.”

కొన్నాను. ఆకలికి తొందరెక్కువ.

అత్త తీగకి మాత్రం
సాయంత్రం గుడ్డ విప్పి, నా వేలితోనే పుప్పొడి అద్ది,
కట్టిన మొదటి కాయ ఉంచేశాను.
కూర లేని రోజూ కొయ్యలేదు.
“అదెప్పుడు తింటామే?” మా గుంటడు.
తినం.

ఎండి, గాలికి గలగలమన్నాక
బూడిదలో కలుపుతుంటే గౌరీసు చెయ్యి చాపింది,
రెండో చేతిలో పదిరూపాయల నోటు.

“డబ్బులొద్దొలే.
నా పాదు ఎండిపోయిన్నాడు
ఇందులో చిటికెడు నాకియ్యాల.”